ఉగాది పచ్చడి పిల్లల్నే కలపనివ్వండి

పిల్లలు తినరని ఉగాది పచ్చడిలో వేప పువ్వు పేరుకి నాలుగు రేకులు చల్లి, బెల్లం రెట్టింపు వేసి, తియ్యటి షర్బత్ లాగా చేసేసే ఇళ్లు ఈమధ్య చాలా చూస్తున్నా. ఎవరిల్లు వాళ్లిష్టం, కాదనను, కానీ నాకు మాత్రం అది అస్సలు మనసొప్పదు. చేదు తీసేస్తే ఇంక అందులో ఉగాది ఏముంది చెప్పండి. పిల్లలు చేదు తినరు అనే మాట కూడా నేను నమ్మను, వాళ్లే చెట్టు దగ్గరికెళ్లి తెచ్చి, వాళ్లే దూసి, వాళ్ల చేత్తో కలిపింది అయితే తింటారు, మూతి ముడిచి కళ్లు గట్టిగా మూసుకునైనా సరే తింటారు. మా ఇంట్లో మొన్న ఉగాదికి, 2026 మార్చి 19న జరిగింది అదే, అందుకే కూర్చుని ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నా.

మేముండేది హైదరాబాద్ నాచారంలో, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. నేను పుట్టి పెరిగింది తెనాలి, మా అత్తమ్మ వాళ్లది జనగామ దగ్గర ఊరు. కాబట్టి మా ఇంట్లో ఉగాదికి రెండు పచ్చళ్లు ఉంటాయి. మా అమ్మ చేసేది చిక్కగా ఉంటుంది, కొత్త చింతపండు గుజ్జు, బెల్లం, సన్నగా తరిగిన మామిడికాయ, వేప పువ్వు, ఉప్పు, కాస్త కారం, అంతే, దేవుడి దగ్గర పెట్టి అరచేతిలో ఇంత వేస్తే తినేయడమే. అత్తమ్మ వాళ్ల దగ్గర మాత్రం పచ్చడి తాగుతారు. కొత్త కుండ నిండా చింతపండు పులుసు, అందులో బెల్లం, మామిడికాయ ముక్కలు, వేప పువ్వు, పుట్నాల పప్పు, కొబ్బరి ముక్కలు వేసి గ్లాసుల్లో పోసిస్తారు. పెళ్లయ్యాక మొదటి ఉగాదికి స్టీలు గ్లాసు నిండా పోసి "తాగు బిడ్డా" అని చేతికిస్తే నిజంగా ఆశ్చర్యపోయా. ఇప్పుడు మా పిల్లలకి అమ్మమ్మ పచ్చడి, నానమ్మ పచ్చడి రెండూ కావాలి. ఏది అసలైన పచ్చడి అనే ప్రశ్నే వాళ్లకి ఇప్పటిదాకా రాలేదు, నాకది భలే నచ్చుతుంది.

ఈసారి అసలు కథంతా వేప పువ్వు దగ్గరే. ఉగాది ఏప్రిల్‌లో పడ్డ ఏడు అయితే వేపచెట్టు కింద నేలంతా తెల్లగా రాలి ఉంటుంది, 2024లో ఏప్రిల్ 9న వచ్చినప్పుడు అలాగే ఉండింది, వెతకాల్సిన పనే లేదు. మార్చి 19 అంటే వేప అప్పుడప్పుడే పూతకొస్తుంటుంది, కొన్ని చెట్లకి చిగురే తప్ప పువ్వు కనిపించదు. దానికి తోడు నాలుగైదేళ్ల నుంచి తెలంగాణలో వేపచెట్లకి ఒక జబ్బు పట్టుకుంది, మీరూ చూసే ఉంటారు, కొమ్మల చివర్ల నుంచి మాడిపోయినట్టు ఎండుకుంటూ వస్తుంది, డైబ్యాక్ అంటారు, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది. టీ దోమ అనే పురుగు రసం పీల్చడం వల్ల కూడా కొమ్మలు అలా ఎండుతాయి. మా వీధి చివర చెట్టుని అలా చూసి చచ్చిపోయిందనుకుని మా చిన్నోడు బాగా దిగులు పడ్డాడు. ఈ మార్చిలో అదే చెట్టు ఎండిన కొమ్మల మధ్య నుంచి ఎర్రటి లేత చిగురు వేసింది. పువ్వు లేదు దానికి, కానీ బతికే ఉంది. వాడు స్కూల్ నుంచి వస్తూ రోజూ దానికి చెయ్యి ఊపి వస్తున్నాడు.

ముందు రోజు ఉప్పల్ వైపు రోడ్డు పక్కన వేప పువ్వు, మామిడాకులు, మామిడికాయలు కుప్పలు పోసి అమ్ముతున్నారు, అక్కడ కొనేస్తే పని అయిపోయేదే. కానీ ఒంటిపూట బడులు కదా, మధ్యాహ్నం నుంచి పిల్లలు ఇంట్లోనే ఉన్నారు, ఎండ దిగాక ఇద్దరినీ తీసుకుని బయల్దేరా. చెట్టు తర్వాత చెట్టు చూసుకుంటూ వెళ్తే చివరికి పోచమ్మ గుడి దగ్గర పెద్ద వేప, ఒక్క వైపు కొమ్మలకి మాత్రం బాగా పూసి ఉంది. పువ్వు కనపడక ముందే వాసన తెలిసింది, సాయంత్రం పూట వేప పువ్వు వాసన అంత బాగుంటుంది. గుడి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని చూసి "కొమ్మలిరవకుర్రి బిడ్డా, పువ్వొక్కటే దూస్కోర్రి, అమ్మవారి చెట్టది" అంది. పిల్లలిద్దరూ ముందు చెప్పులు విడిచి, అమ్మవారికి దండం పెట్టుకుని, అప్పుడు చెయ్యి వేశారు. నేను కొమ్మ వంచి పట్టుకున్నా, పెద్దది దూసింది, చిన్నోడు వాడి టోపీ పట్టాడు. ఆ పెద్దమ్మ కూడా లేచొచ్చి పైకొమ్మ వంచి ఇచ్చింది, వచ్చేటప్పుడు చిన్నోడి గడ్డం పుణికి పంపింది.

ఇంటికొచ్చాక పువ్వు బాగుచేయడం, ఇది ఎంత ఓపిక పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. తెల్ల పంచె ఒకటి నేల మీద పరిచి, ఫ్యాన్ ఆపేసి (ఫ్యాన్ ఉంటే సగం పువ్వు సోఫా కిందే) ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపితే పూలు రాలిపోయి కాడలు చేతిలో మిగులుతాయి. తర్వాత చాటలో వేసి చెరగాలి. కాడలు పడితే చేదు మరీ ఎక్కువవుతుందని అత్తమ్మ అంటుంది, అందుకే మళ్లీ ఒక్కొక్కటి ఏరించింది. పెద్దది భూతద్దం తెచ్చి ఒక్క పువ్వుని వేలి కొన మీద పెట్టి చూసింది. అయిదు తెల్ల రేకులు, మధ్యలో చిన్న తెల్ల గొట్టం, గొట్టం లోపల అంచుకి పసుపుపచ్చగా చుక్కలు. చూడ్డానికి ఎంతో చిన్నది, దాంట్లో ఇంత పని ఉందా అని అది అలా చూస్తూనే ఉండిపోయింది. నేనూ చూశా, ఇన్నేళ్ల నుంచి తింటున్నా కానీ అంత దగ్గరగా చూడటం నాకూ మొదటిసారే.

కుండ సంగతి కూడా చెప్పాలి. కొత్త కుండ తెచ్చి రాత్రంతా నీళ్లు నింపి ఉంచాలి, లేకపోతే మట్టి రుచి మరీ ఘాటుగా దిగుతుంది. పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి, కుండ మెడకి పసుపు కొమ్ము కట్టి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు చుట్టారు. ఫ్రిజ్ లేకుండానే చల్లగా ఎలా ఉంటుంది అని చిన్నోడు అడిగాడు. మామయ్య వాడి చేతిని కుండ బయట తాకించి, తడిగా ఉంది కదా, లోపలి నీళ్లు కనపడని బెజ్జాల్లోంచి బయటికొచ్చి ఆవిరవుతుంటాయి, ఆవిరయ్యేటప్పుడు కుండలో వేడిని కూడా పట్టుకుపోతాయి అని చెప్పాడు. వాడు తర్వాత గంటకోసారి వెళ్లి కుండని తాకి వస్తూనే ఉన్నాడు.

ఈసారి ఇంకో విశేషం ఉంది. సూర్యోదయం ఆరుంపావు దాటాక అయితే, అమావాస్య మాత్రం దాదాపు 6.50 దాకా ఉంది, ఆ తర్వాతే పాడ్యమి. మర్నాడు సూర్యోదయానికి ముందే ఆ పాడ్యమి అయిపోయింది కూడా. అందుకని అత్తమ్మ పాడ్యమి వచ్చాకే తలంటు అని పట్టుబట్టింది, పిల్లలు గడియారం ముందు నూనె తలలతో కూర్చున్నారు. తిథి అంటే రాత్రి పన్నెండుకి మారేది కాదు, సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి, అది ఏ టైమ్‌కైనా మారొచ్చు అని పెద్దదానికి ఆ నూనె తలతోనే చెప్పా, బాగా అర్థమైంది. నలుగు పెట్టి కుంకుడుకాయతో తలంటు, చిన్నోడి కేకలు మామూలే.

ఇక కలపడం. నేను కత్తి పని, చింతపండు పిసకడం మాత్రం చేశా, మిగతాదంతా వాళ్లదే. కొలత వాళ్లిష్టం, రుచి చూసి సరిచేసుకోవడం వాళ్లిష్టం అని ముందే చెప్పా. పెద్దది బెల్లం వేసి, కరిగాక ఒక చెంచా తాగి, పుల్లగా ఉంది అని ఇంకొంచెం వేసింది. మామిడికాయ ముక్కలు, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి, పుట్నాలు, కొబ్బరి. చివర్న వేప పువ్వు. అక్కడ చిన్నోడు ఆగాడు. గుప్పిట నిండా పువ్వు పట్టుకుని "అమ్మా, మొత్తం వేసేయనా" అన్నాడు. వాడి ఇష్టమే అన్నా. మొత్తం వేసేశాడు! వీడియో కాల్‌లో చూస్తున్న మా అమ్మ "అయ్యో నాన్నా, సగం చాలురా" అని కేకేసేలోపే కుండలోకి వెళ్లిపోయింది. అమ్మ చెప్తుంటే చిక్కటి పచ్చడి పక్కన చిన్న గిన్నెలో నేను కలిపా, దానికి పువ్వు కోసం చాటలో మిగిలిన రేకులు ఏరుకోవాల్సొచ్చింది.

నైవేద్యం అయ్యాక గ్లాసులు. చిన్నోడు మొదటి గుక్కకి ముందు నవ్వాడు, తీపి తగిలింది కదా, తర్వాత ఒళ్లంతా జలదరించినట్టు ఊపి కళ్లు మూసుకున్నాడు, వేప వచ్చింది. మింగేశాడు. మళ్లీ ఒక గుక్క. "నేను వేసిందే కదా" అని వాడికి వాడే చెప్పుకుంటూ గ్లాసు ఖాళీ చేశాడు. పోయినేడు ఇదే పిల్లాడు నాలుక మీద వేసింది వాష్‌బేసిన్‌లో ఉమ్మేసి ఏడ్చాడు, అప్పుడు మేం పెద్దవాళ్లం కలిపి వాడి నోట్లో పెట్టాం. తేడా అంతా అక్కడే ఉందని నా నమ్మకం.

బచ్చాల గురించి రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది కాబట్టి క్లుప్తంగా చెప్తా. మా వైపు బొబ్బట్లు, అత్తమ్మకి బచ్చాలు. శనగపప్పు వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి కానీ గుజ్జు కాకూడదు, అప్పుడే నీళ్లు వార్చాలి, ఆ వార్చిన నీళ్లతో చారు పెడితే దాని ముందు ఏ చారూ పనికిరాదు. పూర్ణం ఉండలు చేసే పని పిల్లలది, ఒకటి బఠాణీ అంత, ఒకటి నిమ్మకాయంత వచ్చాయి, అన్నీ అలాగే కాల్చేశాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడ మీద క్యాలెండర్ దించి కూర్చున్నారు. ఉగాది ఎందుకు ఇలా ముందుకీ వెనక్కీ జరుగుతుంది అనేది పెద్దదాని ప్రశ్న. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19, వెనక్కే పోతోంది. చంద్రుడి లెక్కలో 12 నెలలు అంటే దాదాపు 354 రోజులు, సూర్యుడి లెక్కలో 365, ఏటా 11 రోజులు తరుగు. ఇలాగే వదిలేస్తే ఉగాది చలికాలంలోకి, ఆపైన వానాకాలంలోకి జారిపోతుంది, వేప పువ్వు ఉండదు మామిడికాయ ఉండదు, పచ్చడి దేంతో చేస్తాం! అందుకే సుమారు రెండున్నర, మూడేళ్లకోసారి ఒక నెల అదనంగా కలుపుతారు. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ నెలలో సూర్యుడు రాశి మారడు, సంక్రాంతి లేని నెల అన్నమాట. ఆ నెల కలవడం వల్ల వచ్చే ఉగాది 2027 ఏప్రిల్ 7కి వెళ్తుంది. అది వినగానే పెద్దది "అయితే నెక్స్ట్ ఇయర్ వేప పువ్వు బోలెడు ఉంటుంది" అంది. ఆకాశంలో లెక్కకీ పోచమ్మ గుడి దగ్గర చెట్టుకీ అది ముడి వేసుకుంది చూడండి, నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

పంచాంగ శ్రవణం మా ఇంట్లో మామయ్యే చేస్తారు. టీవీలో రవీంద్రభారతి నుంచి వస్తుంది కానీ పిల్లలకి తాత చదివితేనే ఇష్టం, ఎందుకంటే మధ్యలో ఆపి ప్రశ్నలు అడగొచ్చు. ఆదాయం వ్యయం అంకెలు పన్నెండు రాశులకీ పెద్దది నోట్‌బుక్‌లో రాసుకుని, ఎవరి దగ్గర ఎంత మిగులుతుందో తీసివేతలు చేసింది. ఆదాయవ్యయాల్లో 14 కన్నా పెద్ద అంకె లేదని, రాజపూజ్యం అవమానంలో 7 దాటలేదని అదే కనిపెట్టింది. నాకు జాతకాల మీద అంత పట్టింపు లేదు, కానీ ఒక ఇంట్లో తాతా మనవరాలూ ఒకే పుస్తకం మీద తలలు వంచి అంతసేపు కూర్చోవడం నాకు ముఖ్యం.

ఆ తర్వాత ఎవరు ఏ సంవత్సరంలో పుట్టారు అనే ఆట. అరవై తెలుగు సంవత్సరాల పేర్లూ పెద్ద చార్ట్ మీద రాసి, ఎవరు పుట్టిన ఏడు ఏదో గుర్తు పెట్టారు. నేను 1987, ప్రభవ, మొదటి పేరు. మా ఆయన 1986, అక్షయ, అరవయ్యోది. నాకన్నా ఒక్క ఏడాది పెద్ద, చార్ట్‌లో మాత్రం అట్టడుగున ఉన్నాడు, పిల్లలు దానికి పడీపడీ నవ్వారు. పెద్దది 2015, మన్మథ. చిన్నోడు 2019, వికారి, ముప్ఫై మూడోది. మామయ్య పుట్టింది 1966. చార్ట్‌లో వెతుక్కుంటూ పోతే పరాభవ దగ్గర వేలు ఆగింది, ఇవాళ మొదలైంది కూడా అదే. "తాతా, నీ సంవత్సరం మళ్లీ వచ్చింది!" అని ఇద్దరూ ఆయన మీద పడ్డారు. గురుడు ఒక చుట్టు తిరగడానికి ఇంచుమించు 12 ఏళ్లు, శనికి ఇంచుమించు 30 ఏళ్లు, ఇద్దరూ కలిసి మళ్లీ పాత చోటు దగ్గరికి వచ్చేది అరవయ్యేళ్లకి, అందుకే ఈ అరవై పేర్ల చక్రం అని ఆయన చెప్తుంటే గొంతు కొంచెం బరువెక్కింది. ఈ ఏడే ఆయన షష్టిపూర్తి. పెద్దది వెంటనే దాని లెక్క వేసుకుంది, మన్మథ మళ్లీ 2075లో వస్తుంది. ఆ కాగితం మీద దాని పేరు పక్కన 2075 అని రాసి గీత గీసి పెట్టింది.

ఉగాది అంటే కవి సమ్మేళనం ఉండాలి కదా, ఇంట్లోనే పెట్టాం. తలా నాలుగు లైన్లు, మామయ్య అధ్యక్షులు. పెద్దది చదివింది ఇదిగో:

వేప పువ్వు చిన్నది
చేదు మాత్రం పెద్దది
తమ్ముడంతా పోసేస్తే
తాత గ్లాసు నింపమంది

చివరి లైన్‌లో "అన్నాడు" రావాలి కానీ ప్రాస కోసం తాత గ్లాసే మాట్లాడింది అని సర్దుకున్నాం, అధ్యక్షుల వారు ఒప్పుకున్నారు. కొత్త టవల్ శాలువాలా కప్పి, వంద నోటు చేతిలో పెట్టి సన్మానం చేశారు. చిన్నోడికి రాయడం ఇంకా అంత రాదు, వాడు నోటితో చెప్తే నేను రాశా, వాడికీ శాలువా పడింది.

పైఫ్లోర్‌లో మరాఠీ వాళ్లున్నారు, వాళ్లకి అదే రోజు గుడి పడ్వా, బాల్కనీలో కర్రకి పట్టుచీర కట్టి, పైన చెంబు బోర్లించి, వేప మండలు వేలాడదీశారు. పిల్లలు పచ్చడి పట్టుకెళ్తే శ్రీఖండ్ ఇచ్చి పంపారు. కింద ఫ్లోర్‌లో ఆంటీ వాళ్లది రంజాన్ నెల, చివరి రోజులు, రోజా ఉంటారు. అందుకని వాళ్ల వాటా కుండలోనే ఉంచి, సాయంత్రం అజాన్ అయ్యేదాకా పిల్లలు మెట్ల మీద గ్లాసులు సర్దుకుని కూర్చున్నారు, అజాన్ అయ్యాక ఖర్జూరం తిని, నీళ్లు తాగి, ఆంటీ తలుపు తీసి "లావ్ బేటా" అని గ్లాసు తీసుకున్నారు. కుండలో ఉంది కాబట్టి అప్పటికీ చల్లగానే ఉంది. చేదు తగలగానే ఆంటీ మొహం చూసి చిన్నోడు "నేనే వేశా ఆంటీ మొత్తం" అని గర్వంగా చెప్పాడు, ఆవిడ వాడి తల నిమిరి మొత్తం తాగేశారు.

మీ పిల్లలు మరీ చిన్నవాళ్లయితే పువ్వు దూయడం ఒక్కటైనా చేయించండి, చాలు. కత్తి పని, పొయ్యి పని మనం చేసుకుంటే మిగతా దేంట్లోనూ ప్రమాదం లేదు, కింద ఒలికితే తుడుచుకుంటాం. అమావాస్య రాత్రి మనం ఒక్కళ్లమే కూర్చుని చకచకా చేసేస్తే టైమ్ కలిసొస్తుంది నిజమే, కానీ పొద్దున లేచేసరికి అన్నీ రెడీగా ఉంటే పిల్లలకి అది సెలవు రోజు తప్ప పండగ ఎలా అవుతుంది.

మర్నాడు చెట్టు దగ్గరికెళ్లి ఇంకొంచెం పువ్వు దూసుకొచ్చాం, దాన్ని కాగితం మీద నీడలో ఆరబెట్టా, గాజు సీసాలో పెడితే ఏడాదంతా నేతిలో వేయించి చారులోకి వాడుకోవచ్చు. కుండ కడిగి బోర్లించి పెట్టారు. శ్రీరామనవమికి పానకం అందులోనే కలపాలట, మిరియాలు దంచే పని చిన్నోడిది, యాలకులు ఒలిచే పని పెద్దదానిది, వడపప్పు నానబోసేది నానమ్మ. నాకు బెల్లం తెచ్చే పని ఇచ్చారు.